కొండకు ముందు కొలిచిన తల

2022 సెప్టెంబరు 14, బుధవారం, తిరుపతి. ఉదయం ఎనిమిదిన్నర. అంగట్లో ఉన్నవారు: నేను, నా భార్య రాజేశ్వరి, ఐరాల నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన గంగాధరం, ఆయన భార్య సుగుణ. మబ్బు పట్టి ఉంది, వాన లేదు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. బస్టాండు నుంచి రైల్వే స్టేషనుకు పోయే దారిలో ముప్పై ఏళ్లు హెల్మెట్ల అంగడి నడిపాను. మొదట్లో హెల్మెట్లు, వాన కోట్లు మాత్రమే ఉండేవి. జనం మోటారు సైకిళ్ల మీద దూర ప్రయాణాలు మొదలుపెట్టాక జాకెట్లు, గ్లౌజులు, మోకాలి గార్డులు, బూట్లు కూడా తెచ్చి పెట్టాను. వీటన్నిటినీ కలిపి రైడింగ్ గేర్ అంటారు. ఇప్పుడు అంగడి మా అల్లుడు చూసుకుంటున్నాడు. తలకు సరిపోయేది చూసి ఇవ్వడమే కదా, ఇందులో అంత పనేముందని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను ఈ ఒక్క రోజు సంగతి చెబుతాను.

తిరుపతిలో హెల్మెట్లు అమ్మేవాడికి ఇంకెక్కడా లేని చిక్కు ఒకటి ఉంటుంది. ఇక్కడికి వచ్చేవాళ్ల తలలు ఒక్క పూటలో మారిపోతాయి. కొండ ఎక్కేటప్పుడు ఒత్తయిన జుట్టు, దిగేటప్పుడు గుండు. హెల్మెట్ లోపల మెత్తటి పొర ఉంటుంది, దాన్ని లైనర్ అంటాం. అది తలను చుట్టూ ఒకేలా పట్టుకుని ఉంటేనే హెల్మెట్ పనిచేస్తుంది. జుట్టు మీద కొలిచిచ్చిన హెల్మెట్ గుండు మీద వదులవుతుంది. పట్టీ ఎంత బిగించినా దెబ్బ తగిలినప్పుడు ముందుకు దొర్లుతుంది. ఒకసారి మా వీధిలోనే బండి జారి పడిన మనిషి ఒకచోట, అతని హెల్మెట్ ఒకచోట పడి ఉండగా చూశాను. పట్టీ పెట్టినది పెట్టినట్టే ఉంది. అది నేను అమ్మినది కాదు. అయినా చాలా రోజులు కళ్ల ముందు నుంచి పోలేదు. అందుకే అంగడి పెట్టిన మొదటి ఏడాదే ఒక నియమం పెట్టుకున్నాను. టేపు తీసేముందు ప్రతి మగవాణ్నీ అడుగుతాను, కొండకు ముందా, కొండ దిగినాకా అని. మొక్కు ఉన్నవాడికి దిగి వచ్చాకే కొలుస్తాను.

ప్రతి మగవాణ్నీ అని రాశాను. నా తప్పు ఆ మాటలోనే ఉంది.

గంగాధరానికి నలభై అయిదేళ్లుంటాయి. ఐరాలలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. సుగుణ అక్కడి సర్కారు ఆసుపత్రిలో నర్సు. అంతకు ముందు సంవత్సరం కరోనాలో గంగాధరం పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వచ్చాడు. బతికితే బండి మీద కాశీకి పోతానని ఆ మంచం మీదే అనుకున్నాడట. దాదాపు పద్దెనిమిది వందల కిలోమీటర్లు, అయిదు రోజులు. భార్య తానూ వస్తానంది. ఆ రోజు ఇద్దరూ బండిని స్టేషను పక్కన ఒక లాడ్జిలో పెట్టి, బస్సులో కొండకు పోయి దర్శనం చేసుకుని, రాత్రికి దిగి, మరునాడు ఉదయం ఆరింటికి బయలుదేరాలన్నది వాళ్ల ఆలోచన.

గంగాధరం తోలు జాకెట్ కావాలని మనసులో పెట్టుకుని వచ్చాడు. తోలు మంచిదే, రోడ్డు మీద రాసుకుపోయినప్పుడు దాన్ని మించింది లేదు. కానీ సెప్టెంబరులో నాగపూరు దాటాక వాన పడితే తడిసిన తోలు రెండు రోజులకు గానీ ఆరదు. గాలి ఆడే మెష్ జాకెట్, లోపల విడిగా వేసుకునే వాన పొర ఉన్నది తీసుకోమన్నాను. అది ఒప్పుకున్నాడు గానీ ఒక సైజు పెద్దది కావాలన్నాడు, లోపల స్వెటరు వేసుకోవడానికి. జాకెట్‌లో భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, వీపు దగ్గర గట్టి దిమ్మలు ఉంటాయి, వాటిని ఆర్మర్ అంటారు. అవి సరిగ్గా ఎముక మీద కూర్చోవాలి. ఆ సంగతి నిలబడి చూస్తే తెలియదు. ఆయన్ను బయటికి తీసుకుపోయి బండి మీద కూర్చోబెట్టి హ్యాండిల్ పట్టుకోమన్నాను. మోచేతి మీద ఉండవలసిన దిమ్మ ముంజేతి పక్కకు జారిపోయింది.

సుగుణ అది చూసి నాతో అంది: “మోటరు సుట్టేటప్పుడు పోగంత తేడా రాకూడదంటాడన్నా. ఆయప్ప ఒంటికి వచ్చేతలికి మూరెడు తేడా అయినా పర్వాలేదంట.”

గంగాధరం నవ్వి చిన్న సైజే తీసుకున్నాడు. గ్లౌజులు, మోకాలి గార్డులు, మడమ పైదాకా వచ్చే బూట్లు, అన్నీ ఇద్దరికీ ఒక్కొక్కటే వేయించి చూశాను. గంట పైన పట్టింది.

చివరికి హెల్మెట్ల దగ్గరికి వచ్చాం. గంగాధరాన్ని నా ప్రశ్న అడిగాను. తాను పోయిన నెలే గుండు ఇచ్చేశానని, ఇప్పుడు దర్శనం మాత్రమేనని చెప్పాడు. ఆయన తల కొలిచి ఇచ్చేశాను. తర్వాత సుగుణ వంతు. ఆమెకు నడుము దాటిన జడ, నా మణికట్టంత లావు ఉంది. బయటికి వదిలేస్తే దుమ్ముకు పీచయిపోతుందని, చుట్టి లోపల పెట్టుకునేట్టు కొలవమని గంగాధరమే అన్నాడు. “ఈ జడ సూసే కదన్నా నేను పెండ్లికి ఒప్పుకునింది,” అని కూడా అన్నాడు. సుగుణ అద్దాల బీరువా వైపు చూస్తూ నిలబడింది. రాజేశ్వరి ఆమె జడను తల చుట్టూ పరిచినట్టు చుట్టి పిన్నులు పెట్టింది. దాని మీద టేపు వేశాను. యాభై తొమ్మిది సెంటీమీటర్లు. ఎల్ సైజు నల్ల హెల్మెట్ ఇచ్చాను. పెట్టి ఊపి చూశాను, కదల్లేదు.

ఆమెను అడగలేదు. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు, అంటే జడ చివర మూడుసార్లు కత్తిరించి ఇస్తారు, అంతే అనుకున్నాను. గుండు ఇచ్చిన ఆడవాళ్లు మా అంగడి ముందు నుంచి రోజూ పదుల మంది నడిచిపోతుంటారు. రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా భర్త పక్కన ఉండగా ఒక ఆడమనిషిని నీ జుట్టు ఇస్తావా అని అడగడం మర్యాద కాదనిపించేది. ముప్పై ఏళ్లూ అలాగే జరిగిపోయింది.

గంగాధరం సామాను బండికి కట్టుకుంటున్నప్పుడు సుగుణ గడప దగ్గర ఆగింది. గొంతు తగ్గించి, “ఇది ఒకవేళ లూజయితే ఏం చేయాలన్నా?” అని అడిగింది. కొత్త లైనర్ అణిగి వదులు కావడానికి ఏడాది పడుతుందమ్మా, ఇప్పుడేం కాదు, అని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. అప్పుడు టైము పది.

పదకొండుకు గిరాకీ తగ్గుతుంది. ఆ సమయంలో డైరీ రాయడం నా అలవాటు. పేరు, ఊరు, ప్రయాణం, తల కొలత, ఇచ్చిన సైజు రాస్తాను. మామూలుకు మించి ఎవరైనా ఏదైనా అడిగితే అది కూడా రాస్తాను. సుగుణ పేరు కింద ఆమె అడిగిన మాట రాస్తూ మధ్యలో ఆగిపోయాను. కొత్త హెల్మెట్ కొన్న పది నిమిషాలకు అది వదులవుతుందన్న భయం ఎవరికి వస్తుంది? రాజేశ్వరిని పిలిచి చూపించాను.

ఆమె రెండుసార్లు చదవలేదు. “తలంతా ఇచ్చేస్తాది,” అంది.

నేను ఫోను అందుకున్నాను. డైరీలో ఉన్నది గంగాధరం నంబరే. సుగుణ తన ఫోను ఇంట్లో కూతురి దగ్గర వదిలి వచ్చానని మాటల్లో చెప్పింది.

“ఎవురికి చేస్తాండారు?” అంది రాజేశ్వరి.

“గంగాధరానికి.”

“ఆయనకు చెప్పుంటే ఆ యమ్మ గడప కాడ నిలబడి గొంతు తగ్గించి మిమ్మల్నెందుకు అడుగుతాది? మొగుడి ప్రాణం మీద మొక్కుకునింటాది. ఇప్పుడు మీరు చెప్తే ఆయప్ప ఒప్పుకోడు. ఆ మొక్కును చెడగొట్టేదానికి మనమెవురం?”

“లూజు హెల్మెట్‌తో అంత దూరం పోతే?”

“కొండ దిగినాక చెప్పండి. అప్పుడు దాచేది ఏమీ ఉండదు.”

ఫోను కింద పెట్టాను. ఆమె చెప్పింది సరైనదే. కానీ కొండ దిగాక వాళ్లు నాకు దొరుకుతారని ఎవరు చెప్పగలరు? ఇప్పుడయితే ఒక్క ఫోనుతో పోయే పని. తర్వాత వాళ్లు దొరక్క ఏదైనా జరిగితే తప్పు ఎవరిదని నన్ను నేను ప్రశ్నించుకుంటే జవాబు ఒకటే. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సగంలో లేచాను.

రెండు గంటలకు ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. దర్శనం వరుసలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, కౌంటరులో ఇచ్చి పోవాలి. ఆపేసి ఇచ్చి ఉంటారు. మూడుకు, నాలుగుకు, అయిదుకు మళ్లీ చేశాను. మధ్యలో ఆమె జుట్టు పోతే తల ఎంత ఉంటుందో లెక్క వేశాను. యాభై ఆరుకు మించదు. అంటే ఎస్ సైజు. ఎల్‌కూ ఎస్‌కూ మధ్య ఇంకో సైజు ఉంది, రెండు మెట్ల తేడా. అదే మోడల్‌లో ఎస్ కోసం వెనక గదిలో డబ్బాలన్నీ దింపాను. ఒకే ఒక్కటి దొరికింది, చిలకపచ్చ రంగుది. బుగ్గల దగ్గర పెట్టే దిండ్లు, చీక్ ప్యాడ్లు అంటాం, అవి రెండు మందాల్లో తీసి పక్కన పెట్టాను.

ఆరింటికి అంగడి రాజేశ్వరికి అప్పగించి స్టేషను పక్క లాడ్జీల దారి పట్టాను. లాడ్జి పేరు వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఒక్కొక్క దాని ముందు ఆగి బళ్లు చూశాను. గంగాధరం బండికి రెండు వైపులా సామాను కట్టే ఇనుప ఫ్రేములు ఉన్నాయి, తనే వెల్డింగ్ చేయించుకున్నాడు. అలాంటిది ఎక్కడా కనిపించలేదు. కొన్ని లాడ్జీల్లో బళ్లు లోపల నేలమాళిగలో పెడతారు. కిందికి పోనివ్వమంటే వాచ్‌మన్లు ఎందుకని అడిగారు. ఒక ఆడమనిషి తల కోసం వెతుకుతున్నానని ఎలా చెప్పను? ఏడు దాటాక కాళ్లు లాగి వెనక్కి వచ్చాను.

ఏడున్నరకు మళ్లీ చేస్తే గంగాధరం ఫోను మోగింది. ఎత్తాడు. దర్శనం అయిందా అని అడిగాను. అయిందన్నాడు. నేనే అడిగాను, అమ్మ జుట్టు ఇచ్చిందా అని.

“ఇచ్చేసినాదన్నా,” అన్నాడు. “నాతో ఒక మాట సెప్పలా. నేను ఆడ బయట కూర్చోనుండా, గుండుతో వచ్చి నా ముందర నిలబడినాది,” అన్నాడు.

ఆయన గొంతులో కోపం ఉందో దుఃఖం ఉందో నాకు తెలియలేదు. హెల్మెట్ సంగతి చెప్పాను. అది పెట్టుకుని పోకూడదని, ఉదయం అంగడికి వచ్చి మార్చుకుని పొమ్మని అడిగాను. ఆమె ఇప్పటికే పెట్టి చూసుకుందని, లోపల టవలు చుట్టుకుంటే బిగుతుగా సరిపోయిందని చెప్పాడు. టవలు కంటే వదులు హెల్మెట్టే మేలు. బట్ట తలకూ లైనర్‌కూ మధ్య జారుతుంది. గుండు మీద చందనం కూడా పూసి ఉంటారు. ఆ చందనం చెమటకు తడిసి ఇంకా జారుతుంది. ఇదంతా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

“మేము ఆరుకే పోతామన్నా. నువ్వు ఎనిమిదికి గదా తెరిచేది,” అన్నాడు.

“అయిదున్నరకు తెరిచి పెడతాను. రండి.”

“సూస్తాం లేన్నా,” అని, లాడ్జి పేరు అడిగేలోగానే పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం రాశాను: ఆమెను అడగలేదు.

మరునాడు, గురువారం. అయిదుంబావుకే అంగడి షట్టరు ఎత్తాను. వద్దన్నా రాజేశ్వరి వెంట వచ్చింది. చిలకపచ్చ హెల్మెట్, ప్యాడ్లు, టేపు బల్ల మీద పెట్టి బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆరయింది. ఆరుంబావుకు ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మోగుతూ ఎత్తలేదంటే బండి మీద ఉన్నారని అర్థం. ఇక అప్పటి నుంచి నా మనసు రేణిగుంట దారిలోనే ఉంది. ఎక్కడ స్పీడు బ్రేకర్లు ఉన్నాయి, ఎక్కడ లారీలు పక్కకు నెడతాయి, అవన్నీ ఒక్కొక్కటే గుర్తు వచ్చాయి. రాజేశ్వరి టీ తెచ్చి ఇచ్చింది. చల్లారాక తాగాను.

ఏడు దాటి అయిదు నిమిషాలకు ఇనుప ఫ్రేముల బండి వచ్చి అంగడి ముందు ఆగింది.

గంగాధరం దిగి నా వైపు చూడకుండానే చెప్పాడు. రేణిగుంట దాటక ముందే ఒక స్పీడు బ్రేకరు దగ్గర ఆమె హెల్మెట్ కళ్ల మీదికి జారి వచ్చి ఆయన హెల్మెట్‌కు కొట్టుకుందట. ఆమె చూపు మూసుకుపోయి ఒక చెయ్యి వదిలి దాన్ని ఎత్తబోయి పక్కకు ఒరిగిందట. బండి నిలిపేశాడు. ఏమీ కాలేదు, పద, అని ఆమె అందట. ఆయన బండి తిప్పేశాడు.

సుగుణ లోపలికి వచ్చింది గానీ హెల్మెట్ తీయలేదు. రాజేశ్వరి ఆమెను బీరువా వెనక్కి తీసుకుపోయి తీయించింది. టవలు చందనంతో పసుపు పచ్చగా అంటుకుపోయి ఉంది. రాజేశ్వరి తడి బట్టతో తల తుడిచి, పొడి బట్టతో మళ్లీ తుడిచి, నన్ను పిలిచింది. టేపు వేశాను. యాభై అయిదున్నర.

“తప్పు నాదమ్మా,” అన్నాను. “నిన్న కొలిచేముందే నిన్ను అడిగి ఉండాల్సింది.”

“మీరు అడిగుంటే ఈయన ముందర లేదని అబద్ధం చెప్పుందును,” అంది సుగుణ. “అట్ల బాధ పడొద్దన్నా.”

గంగాధరం ఆ మాట విని బీరువా ఇటు నుంచే అన్నాడు: “నన్ను ఒక మాట అడిగుంటే ఏం పోయుండును?”

“అడిగితే ఇయ్యనిస్తావా?”

ఆయన గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టాడు. “ఆ పదకొండు దినాలు నువ్వు యాడుండావో నీకే తెలీదు,” అంది ఆమె, నెమ్మదిగానే. “నాకు తెలుసు. నేను ఆ వార్డు డ్యూటీలోనే ఉన్నింటి. నా దగ్గర ఇచ్చేదానికి అదొక్కటే ఉన్నింది.”

నేను చీక్ ప్యాడ్లు మార్చే పనిలో తల వంచుకున్నాను. సన్నవి తీసి మందమైనవి పెట్టాను. సుగుణ గుండుకు పలుచటి నూలు టోపీ ఒకటి తొడిగి, దాని మీద చిలకపచ్చ హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాను. చివరి పరీక్ష ఒకటి ఉంటుంది. దాన్ని రోల్ ఆఫ్ అంటారు. పట్టీ పెట్టుకున్నాక వెనక నుంచి హెల్మెట్ అంచు పట్టి ముందుకు ఎత్తి చూడాలి. హెల్మెట్ ఊడి రాకూడదు, తలే దాంతో కలిసి వంగాలి. రోజూ బయలుదేరే ముందు ఒకరిది ఒకరు ఇలా చూసుకోవాలని చెప్పి, మొదటిసారి చేయమని గంగాధరాన్ని పిలిచాను.

ఆయన వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. వెంటనే చెయ్యి వేయలేదు. తర్వాత అంచు పట్టి ఎత్తాడు. హెల్మెట్ కదల్లేదు. ఇంకా గట్టిగా ఎత్తాడు. ఆమె తల వంగింది.

“సాలు, మెడ పట్టేస్తాది. ఇది మోటరు కాదు,” అంది సుగుణ లోపలి నుంచి.

“మళ్లీ ఒకసారి సూస్తా, ఉండు,” అన్నాడు గంగాధరం. మళ్లీ చూశాడు. అప్పుడు ఆమె ముఖం తన వైపు తిప్పి హెల్మెట్ ముందరి అద్దం ఎత్తి, “రంగే కొట్టొచ్చినట్టు ఉండాది,” అన్నాడు. లారీ వాళ్లకు బాగా కనపడుతుందిలే అన్నాను. పాత హెల్మెట్ నా దగ్గరే పెట్టేసుకున్నాను. ఏడూ యాభైకి బయలుదేరారు. మలుపు తిరిగేదాకా ఆ పచ్చ రంగు నిటారుగా, కదలకుండా కనిపించింది.

అడగకపోవడం నా తప్పు అని రాత్రంతా అనుకున్నాను. సుగుణ చెప్పాక తెలిసింది, అడిగినా సరిపోయేది కాదు. మొక్కు గురించి అందరి ముందు నిజం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నా పని వాళ్ల గుట్టు తెలుసుకోవడం కాదు. అది తెలియకపోయినా తలకు సరిపోయేది ఇవ్వడమే. అందుకని నా పాత ప్రశ్నను ఆ ఉదయమే మానుకున్నాను. ఇక మీదట కొండకు పోయేవాళ్లు ఎవరైనా సరే, మగ అయినా ఆడ అయినా, దిగి వచ్చాకే టేపు తీయాలి. కారణం అడగనక్కరలేదు.

తొమ్మిదికి నాయుడుపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలకు రెండు హెల్మెట్లు కావాలన్నారు, మధ్యాహ్నం కొండకు పోతారట. దిగి వచ్చాక రండి, అప్పుడే కొలుస్తాను అన్నాను. మాకు మొక్కేమీ లేదప్పా అన్నాడు ఆయన. అయినా దిగాకే అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “నీకు అమ్ముకోవాలని లేనట్టుండాదే పెద్దాయనా,” అని పక్క అంగడి వైపు నడిచాడు. ఆయన భార్య నాలుగు అడుగులు వేసి, వెనక్కి తిరిగి, అంగడి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందని అడిగింది.